ఆంప్టిల్ ప్రభువు సంగతి తర్వాత, ముందు మీ నాన్నగారి పాస్‌పోర్టు తీయండి

ప్రశ్న: మాది కడప జిల్లా. నాన్న 1984 నుంచి 1996 వరకు కువైట్‌లో డ్రైవర్‌గా చేశారు. నేను, అక్క ఆయన వెళ్లకముందే పుట్టాం. తమ్ముడు మాత్రం 1989 జూలైలో పుట్టాడు. వాడు నాన్న కొడుకు కాదని ఊళ్లో అందరూ అనేవాళ్లు. నాన్న కూడా చివరి రోజుల్లో ఒక కాగితం మీద అలాగే రాసి బావ చేతికిచ్చారు. దాని ఫోటో నా వాట్సాప్‌లో ఉంది. 1988 అక్టోబరులో తాతయ్య కర్మకు వచ్చి నెల రోజులున్నారు తప్ప ఆ మధ్యలో ఆయన ఇంటికి రాలేదు. 2017లో నాన్న చనిపోయారు, అమ్మ ఉంది. నాన్న సంపాదించిన ఇల్లు, 4 ఎకరాల్లో వాటా కావాలని తమ్ముడు ఇప్పుడు లాయర్ నోటీసు పంపాడు. ఇంగ్లండ్‌లో ఆంప్టిల్ ప్రభువు ఇంట్లో చిన్నకొడుకు ఇలాగే పెద్దవాడి మీద కేసు వేశాడని ఒక వీడియోలో చూశాను. నేనూ వేయొచ్చా? వాడికి తెలియకుండా వాడి బ్రష్షు పంపితే డీఎన్ఏ చేసే ల్యాబ్ ఉందట. ఇరవై ఏళ్లుగా ఈ టెన్షన్‌తో నలిగిపోతున్నాను.

జవాబు: మీ బాధ మీద మీరు రెండు పేజీలు రాశారు. కేసును తేల్చేది మాత్రం మీరు మధ్యలో ‘తప్ప’ అని దాటేసిన ఒక్క వాక్యం. 1988 అక్టోబరులో మీ నాన్న నెల రోజులు ఇంట్లో ఉన్నారు. 1989 జూలైలో మీ తమ్ముడు పుట్టాడు. నెలలు లెక్కపెట్టుకోండి.

పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని చట్టం ఖాయంగా అనుకుంటుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది 112వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 116. దీన్ని కూలగొట్టాలంటే ఒకటే దారి: గర్భం నిలవగల రోజుల్లో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని నిరూపించాలి. కలిశారా లేదా అని కాదు, అవకాశం ఉందా లేదా అని. ఒకే కప్పు కింద నెల రోజులుంటే అవకాశం లేదని ఏ కోర్టూ అనదు. నాన్నగారి పాత పాస్‌పోర్టు దొరికితే అందులో బొంబాయి ఇమిగ్రేషన్ ముద్ర ఉంటుంది. అది మీ ఆయుధం అనుకుంటున్నారేమో. అది మీ తమ్ముడి సాక్ష్యం.

ఇక మీరు చూసిన వీడియో. సగమే చూసినట్టున్నారు. ఆ కేసులో చిన్నకొడుకు ఓడిపోయాడు.

మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1900 నుంచి 1906 దాకా గవర్నర్‌గా చేసినాయనే రెండో ఆంప్టిల్ ప్రభువు ఆర్థర్ రస్సెల్. 1904లో కొన్నాళ్లు తాత్కాలిక వైస్రాయ్ కూడా. తర్వాత లండన్‌లో, దక్షిణాఫ్రికా భారతీయుల తరఫున గాంధీకి అండగా మాట్లాడినవాడు. ఆయన పెద్దకొడుకు జాన్, నౌకాదళంలో పనిచేశాడు. 1918లో క్రిస్టబెల్ అనే ఆమెను పెళ్లాడాడు. 1921 అక్టోబరులో ఆమెకు జెఫ్రీ పుట్టాడు. మా మధ్య ఎప్పుడూ పూర్తి కాపురమే లేదు, బిడ్డ నా వాడు కాదు అని జాన్ విడాకుల కేసు వేశాడు. ఆమె గర్భవతి అన్న సంగతి మొదట చెప్పింది డాక్టర్ కాదు, జోస్యం చెప్పే ఒకావిడ! అయితే 1920 డిసెంబరులో ఆ దంపతులు ఒకే ఇంట్లో రాత్రులు గడిపారు. మీ ఇంట్లో 1988 అక్టోబరు ఎలాంటిదో అక్కడ ఆ డిసెంబరు అలాంటిది.

మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది. రెండోది 1923లో భర్త వైపు చెప్పింది. 1924లో ప్రభువుల సభ, అంటే అప్పటి వాళ్ల సుప్రీంకోర్టు, 3-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. ‘మా మధ్య సంసారం లేదు’ అని భార్యగానీ భర్తగానీ చెప్పి, పెళ్లిలో పుట్టిన బిడ్డను అక్రమ సంతానం చేయడానికి వీల్లేదన్నది. ఆ నియమాన్ని ఇంగ్లండ్ 1949లో తీసేసింది. మన దగ్గర సివిల్ కేసుల్లో భార్యాభర్తలు సాక్ష్యం చెప్పొచ్చు కాబట్టి ఆ తీర్పును మక్కికి మక్కి ఇక్కడ ఎవరైనా చదివితే నమ్మకండి.

మీరు నేర్చుకోవాల్సింది క్రిస్టబెల్ ఆ తర్వాత చేసిన పని నుంచి. గెలిచాం కదా అని ఆమె ఊరుకోలేదు. 1926లో జెఫ్రీ చట్టబద్ధమైన సంతానమే అని కోర్టు నుంచి డిక్లరేషన్, అంటే అధికారిక ప్రకటన, తెచ్చి పెట్టుకుంది. జాన్ ఆ తర్వాత మళ్లీ పెళ్లిళ్లు చేసుకున్నాడు, మూడో భార్యకు 1950లో ఒక కొడుకు పుట్టాడు. 1973లో జాన్ చనిపోగానే ఆంప్టిల్ ప్రభువు బిరుదు నాదంటే నాదని ఇద్దరు కొడుకులూ వచ్చారు. 1976లో ఇలాంటి బిరుదు తగాదాలు చూసే ప్రభువుల సభ ప్రివిలేజెస్ కమిటీ ఆ యాభై ఏళ్ల నాటి డిక్లరేషన్ కాగితం చూసి, మోసం రుజువు కానంత వరకు అదే ఖాయమని చెప్పింది. జెఫ్రీ నాలుగో ఆంప్టిల్ ప్రభువయ్యాడు. 1999లో వారసత్వ ప్రభువులను సభ నుంచి పంపించేసినప్పుడు మిగిల్చిన 92 మందిలోనూ ఉన్నాడు.

అక్కడ 1926 కాగితం ఎవరు సంపాదించారు? అనుమానం ఎదుర్కొన్న బిడ్డ తల్లి. మీ ఇంట్లో? మీ తమ్ముడికి అలాంటి కాగితం మీరే ఇచ్చారు. మీరు జత చేసిన 2017 నాటి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దరఖాస్తు చూశాను. మూడో పేరు మీ తమ్ముడిది, ‘కుమారుడు’ అని. కింద సంతకం మీది. ఇరవై ఏళ్ల అనుమానం ఉన్న మనిషి తహసీల్దార్ ఆఫీసులో చదవకుండా సంతకం పెడతాడా? రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న ఇదే. పైగా వాడు నాన్న కొడుకు కాదని డిక్లరేషన్ కోరే దావాకు గడువు మూడేళ్లు. నాన్నగారు పోయిన 2017 నుంచి లెక్కేస్తే, కోవిడ్ కాలానికి సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు కలిపినా అది 2022తో అయిపోయింది. తమ్ముడు దావా వేస్తే డిఫెన్సుగా చెప్పుకోవచ్చు, కానీ చెప్పేందుకు సరుకేదీ?

నాన్నగారి చీటీ అసలు ఎక్కడుంది? ఫోటో సాక్ష్యం కాదు, అసలు ఏమైందో చెప్పగలిగితే తప్ప. అసలు దొరికినా అది ఆయన అనుమానమే, 1988 అక్టోబరును చెరపదు.

బ్రష్షు ఆలోచన మానేయండి. దొంగచాటుగా తీసిన నమూనా ఎవరిదో రుజువు చేయలేరు, పైగా ఎదురు కేసు మీ మీదకొస్తుంది. కోర్టునే అడుగుదామంటే, 1993 నుంచి సుప్రీంకోర్టు ఒకే మాట: అవకాశం లేదని ముందు గట్టిగా చూపిస్తేగానీ రక్త పరీక్ష అడగొద్దు. 2014లో డీఎన్ఏ రిపోర్టు అప్పటికే కోర్టు చేతిలో ఉన్న కేసులో దానికే విలువిచ్చారు, నిజమే. కానీ 2025 జనవరిలో కేరళ కేసులో కొడుకే స్వయంగా నా అసలు తండ్రి ఫలానా అని డీఎన్ఏ అడిగినా ఒప్పుకోలేదు. తమ్ముడి పేరు లేకుండా కొత్త సర్టిఫికెట్ తెచ్చి పొలం మీ పేరున ఎక్కించుకోవడం ఇంకా ప్రమాదం, తప్పుడు డిక్లరేషన్‌కు క్రిమినల్ కేసు.

ఒక లెక్క కూడా వేసుకోండి. ఆస్తి నాన్నగారి స్వార్జితం, అమ్మ, అక్క, మీరు, తమ్ముడు నలుగురికీ తలా పావు వాటా. తమ్ముణ్ని తీసేస్తే తలా మూడో వంతు. మీకు పెరిగేది పన్నెండో వంతు, 4 ఎకరాల్లో 33 సెంట్లు. దాని కోసం మీ అమ్మను బోనెక్కించి 1988 సంగతులు అడిగిస్తారు. ఆమె వాటాలో మాత్రం, వీలునామా రాయకపోతే, మీ తమ్ముడికి ఎలాగూ భాగం వస్తుంది. తండ్రి ఎవరైనా ఆమె కొడుకే కదా.

ఇప్పుడు చేయాల్సింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్నగారి వీలునామా ఏదైనా రిజిస్టర్ అయిందేమో వెతికించండి, అంత అనుమానం ఉన్న మనిషి రాసి ఉండొచ్చు. లేకపోతే మీ జాబు చివర్లో ఉన్న బ్యాంకు సంగతి చూడండి: నాన్నగారి ఇంటి లోను 6 లక్షలు మీరే కట్టానన్నారు. మీ అసలు బలం అదే. రసీదులు, పాస్‌బుక్ ఎంట్రీలు తీసి, ఆ మొత్తాన్ని అందరి వాటాల మీదా వేసి లెక్క కట్టాలని నోటీసుకు జవాబులో అడగండి. నోటీసులో 15 రోజుల గడువు ఉంది, అందులో 6 రోజులు ఇప్పటికే అయిపోయాయి.