గేమ్ అకౌంట్ పోతే తప్పు కంపెనీదా, మనదా?

తమ్ముడి గేమ్ అకౌంట్ పోయిందని, పాస్‌వర్డ్ పని చేయడం లేదని, మూడుసార్లు రాసినా కంపెనీ వాళ్లు ‘మేమేం చేయలేం’ అంటున్నారని రాశారు. ఇది వాళ్ల బాధ్యత కాదా అన్నది మీ ప్రశ్న. మాది హన్మకొండ, నయీంనగర్. ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను కాబట్టి చెబుతున్నా.

2021, కరోనా సెకండ్ వేవ్ రోజులు. బీటెక్ క్లాసులన్నీ ఆన్‌లైన్, రాత్రంతా గేమ్. ఒక రాత్రి కాజీపేటలో ఉండే దోస్తు అకౌంట్ నుంచి ఇంగ్లిష్‌లో మెసేజ్ వచ్చింది. మా టీమ్ టోర్నమెంట్‌లో ఉంది, ఈ లింకులో ఓటెయ్యండి ప్లీజ్ అని. వాడు పుట్టి బుద్ధెరిగాక నాతో ప్లీజ్ అన్నది లేదు. ‘అరేయ్, ఏం చేస్తున్నవ్‌రా’ అనేదే వాడి పలకరింపు. అక్కడే అనుమానం రావాలి. రాలేదు.

లింకు నొక్కితే లాగిన్ విండో తెరుచుకుంది. పైన అడ్రస్ సరిగ్గానే ఉంది, తాళం గుర్తు కూడా ఉంది. పాస్‌వర్డ్ కొట్టాను, ఫోన్‌కొచ్చిన కోడ్ కూడా కొట్టాను. అది విండో కాదు, పేజీ మీద గీసిన బొమ్మ అని తర్వాత తెలిసింది. కంప్యూటర్‌లో నిజంగా విడిగా తెరుచుకున్న విండోని మౌస్‌తో పట్టుకుని లాగితే బ్రౌజర్ బయటికి వస్తుంది. ఇలాంటి దొంగ విండో బ్రౌజర్ అంచు దాటి రాదు. పది నిమిషాల్లో నా స్కిన్లన్నీ, అంటే గేమ్‌లో ఆయుధాలకీ పాత్రలకీ వేసుకునే డిజైన్లన్నీ, మాయం. రెండేళ్లు పాకెట్ మనీ దాచి కొన్నవి, విలువ ఎనిమిది వేల దాకా ఉంటుంది.

అకౌంట్ మళ్లీ నా చేతికొచ్చింది, స్కిన్లు రాలేదు. అప్పుడు కంపెనీని బాగా తిట్టుకున్నా. తర్వాత ఆలోచిస్తే వాళ్ల లెక్క అర్థమైంది. దొంగ ఆ వస్తువుని అప్పటికే ఇంకెవరికో అమ్మేసి ఉంటాడు. నాకు మళ్లీ ఒకటి ఇస్తే ఒకటి కాస్తా రెండవుతుంది, విలువ పడిపోతుంది. దోస్తుకి ఇచ్చి ‘పోయింది’ అని ఏడ్చేవాళ్లూ తయారవుతారు. అందుకే కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ లాంటి వాళ్లు అకౌంట్ నుంచి బయటికి వెళ్లిన వస్తువుల్ని తిరిగి ఇవ్వమని ముందే రాసి పెట్టుకున్నారు. పాస్‌వర్డ్, కోడ్ రెండూ సరిగ్గా కొట్టినవాడు నేనో దొంగో కంపెనీకి ఎలా తెలుస్తుంది? మేడారం జాతరకి పోతే జేబు మీద చెయ్యేసుకునే నడుస్తాం కదా. పోలీసులు ఉన్నారని చెయ్యి తీసేయం.

మీ విషయానికొస్తే, ప్రశ్న చివర్లో నెమ్మదిగా రాసిన మాటే అసలు సంగతి. ఆ అకౌంట్ మీ తమ్ముడు తెరిచింది కాదు, టెలిగ్రామ్‌లో ఎవరి దగ్గరో 3,500కి కొన్నది. దాదాపు ప్రతి గేమ్ రూల్స్‌లోనూ అకౌంట్ అమ్మడం, కొనడం నిషేధం. పైగా మొదట అకౌంట్ తెరిచిన మెయిల్, మొదటిసారి డబ్బు కట్టిన రసీదు అమ్మినవాడి దగ్గరే ఉంటాయి. నాలుగు రోజులాగి ‘నా అకౌంట్ ఎవరో కొట్టేశారు’ అని వాడే రాస్తాడు, కంపెనీ వాడికే ఇస్తుంది. ఆ తర్వాత అదే అకౌంట్ ఇంకొకడికి అమ్ముతాడు. కాబట్టి అకౌంట్ మీద ఆశ వదులుకోండి.

డబ్బు సంగతి వేరు. యూపీఐలో కట్టారు కాబట్టి ట్రాన్సాక్షన్ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. బ్యాంకుకీ చెప్పండి. డబ్బు దొంగ ఖాతాలోంచి కదలకముందే చెబితే ఆపే వీలుంటుంది. పది రోజులైందంటున్నారు, కష్టమే, అయినా పెట్టండి.

ఇంకోటి. ఈ ప్రశ్న పెట్టాక మీకు ‘అకౌంట్ వాపస్ తెచ్చిస్తా, రెండు వేలు పంపు’ అని మెసేజ్‌లు వచ్చే ఉంటాయి. నాకూ మూడొచ్చాయి. వాళ్లూ ఆ బాపతే. రీఫండ్ వేస్తాం, యూపీఐ పిన్ కొట్టండి అనే వాడూ అంతే. డబ్బు పంపడానికి పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు.

నేనిప్పుడు గేమ్స్‌కి వేరే మెయిల్ పెట్టుకున్నా. కోడ్‌లకి ఎస్సెమ్మెస్ మానేసి, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసి చూపించే ఆథెంటికేటర్ యాప్ వాడుతున్నా. అదీ నమ్మి కూర్చోవడానికి లేదు, నాలాగే దొంగ పేజీలో కొడితే ఏ కోడైనా దొంగకే పోతుంది. ఫోన్ పోయినా మెయిల్‌లోకి వెళ్లడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు అమ్మ చిట్టీల పుస్తకం చివరి పేజీలో చేత్తో రాసి పెట్టా. కాగితం మీద రాయకూడదంటారు కొందరు. మా ఇంట్లో ఆ పుస్తకం కన్నా భద్రమైన చోటు నాకు తెలియదు.

మీ తమ్ముణ్ణి ఎక్కువ తిట్టకండి. పది రోజులు ఎందుకు దాచాడో నాకు తెలుసు. నేనూ నాలుగు రోజులు ఇంట్లో చెప్పలేదు, దోస్తులకీ చెప్పలేదు, సిగ్గేసి. ఆ నాలుగు రోజుల్లో అదే లింకు నా పేరుతో మా బ్యాచ్ మొత్తానికి పోయింది. ఇద్దరు నొక్కారు. అందులో ఒకడు, 1,200 నువ్వే బాకీరా అని ఇప్పటికీ కనబడ్డప్పుడల్లా అడుగుతాడు.