మొటిమల గుంటలకు పీలింగా, లేజరా? ముందు ఆ క్రీమ్ సంగతి తేల్చండి

ప్రశ్న: నా వయసు 32. కాలేజీ రోజుల్లో మొటిమలు విపరీతంగా వచ్చేవి. అవి తగ్గాయిగానీ రెండు బుగ్గల మీదా గుంటలు మిగిలిపోయాయి. ఉద్యోగం వల్ల ఎండలో బాగా తిరగాల్సి వస్తుంది. దాంతో నుదురు, బుగ్గలు నల్లబడ్డాయి. మైక్రోడెర్మాబ్రేజన్, కెమికల్ పీలింగ్, డెర్మాబ్రేజన్, లేజర్ అంటున్నారు. వీటిలో నాకు ఏది మంచిది? ఇంట్లోనే చేసుకునే పీల్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, వాడొచ్చా? ఇప్పటికీ నెలకు నాలుగైదు మొటిమలు వస్తుంటాయి. స్నేహితురాలు చెప్పిన క్రీమ్ ఏడాదిగా రాస్తున్నాను. రాసినన్నాళ్లూ ముఖం బాగుంటుంది, మానేస్తే ఎర్రబడి మంట పుడుతుంది.
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది ట్రీట్‌మెంట్ల గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం మీరు చివర్లో మాటవరసకు రాసిన ఆ క్రీమ్ సంగతి. రాస్తే బాగుంటుంది, మానేస్తే మంట... స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ నెలల తరబడి వాడినవాళ్లు సరిగ్గా ఇవే మాటలు చెబుతారు. మీ ముఖం నేను చూడలేదు, క్రీమ్ పేరు మీరు రాయలేదు, కాబట్టి అదేనని తేల్చి చెప్పలేను. కానీ అనుమానం గట్టిగానే ఉంది.

ఓ పని చేయండి. ఆ ట్యూబు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే 'కంపోజిషన్' చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటసాల్... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడే. పక్కనే హైడ్రోక్వినోన్ (నలుపు తగ్గించేది), ట్రెటినోయిన్ (విటమిన్ ఎ రకం మందు) కూడా ఉండొచ్చు. ఈ మూడు రకాలూ కలిపిన మందును మంగు మచ్చలకు మేమూ రాస్తాం, కాకపోతే కొన్ని వారాలకే, మధ్యలో చూసుకుంటూ. ఏడాదిపాటు రాసుకునే మందు కాదది. ఒకవేళ డబ్బా మీద ఏ వివరమూ లేకపోతే ఇంకా భయపడాలి. తెల్లబరుస్తామని అమ్మే కొన్ని క్రీముల్లో పాదరసం కూడా బయటపడింది. దానివల్ల కిడ్నీలు దెబ్బతింటాయి.

స్టెరాయిడ్ రాస్తే చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి, వాపు, ఎరుపు తగ్గుతాయి. అందుకే మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. రోజులు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్రటి నాళాలు పైకి కనిపిస్తాయి, నూగు పెరుగుతుంది, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. మీకు ఇప్పటికీ వస్తున్న ఆ నాలుగైదు మొటిమలు ఈ క్రీమ్ పుణ్యమే అయినా ఆశ్చర్యం లేదు. ఇలా పల్చబడ్డ చర్మం మీద పీలింగ్ చేస్తే యాసిడ్ ఒకచోట పైపైన, మరోచోట లోతుగా దిగుతుంది. లోతుగా దిగినచోట కాలుతుంది. ఉన్న మచ్చలు పోగొట్టుకోవడానికి వెళ్లి కొత్తవి తెచ్చుకున్నట్టవుతుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. హఠాత్తుగా ఆపితే ఎరుపు, మంట, పొక్కులు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. అది చూసి 'ఆపడం పడలేదు' అనుకుని మళ్లీ మొదలుపెడతారు. క్రీమ్ వదలకపోవడానికి అసలు కారణం ఇదే. ఎంత ఘాటు స్టెరాయిడ్, ఎన్నాళ్లు వాడారు అన్నది చూసి, మెల్లగా తగ్గించాలో వెంటనే మార్చాలో చర్మవ్యాధి నిపుణులు నిర్ణయించాలి. చర్మం కుదుటపడటానికి కొన్ని నెలలు పట్టొచ్చు. స్నేహితురాలికి మేలు చేసింది కదా అని ఏడాదిపాటు ముఖానికి రాశారు. ఒక్కసారైనా డాక్టర్‌కు చూపించి ఉంటే ఈ పాటికి గుంటల వైద్యం సగం అయిపోయేది. కోప్పడుతున్నాననుకోకండి, రోజూ ఓపీలో ఇదే చూస్తుంటే ఓపిక తగ్గుతుంది.

ఇక మీరు అడిగిన విషయం. మీవి నిజంగా గుంటలేనా, మొటిమ మానాక మిగిలిన నల్లమచ్చలా అన్నది ముందు తేలాలి. చీకటి గదిలో అద్దం ముందు నిలబడి టార్చ్ లైట్ పక్కనుంచి బుగ్గ మీద వేసుకోండి. నీడ పడితే గుంట. నీడ లేకుండా రంగు మాత్రమే ఉంటే అది మచ్చ. నల్లమచ్చ అయితే సన్‌స్క్రీన్, పూతమందులతో చాలావరకు తగ్గుతుంది, పెద్ద ట్రీట్‌మెంట్లు అక్కర్లేదు. గుంట అయితే దాని రెండువైపులా వేళ్లు పెట్టి చర్మాన్ని సాగదీయండి. చదునైపోతే అది రోలింగ్ రకం, దాన్ని కింద నుంచి నారపోగులు లాగి పట్టుకున్నాయని అర్థం. అలాంటి గుంటకు పైపొరను ఎంత తీసినా ఉపయోగం ఉండదు. సూదితో కింది పోగులు తెంచే సబ్‌సిషన్ చేయాలి. సాగదీసినా అలాగే ఉండి, సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉంటే ఐస్‌పిక్ రకం. అంచులు నిటారుగా, కాస్త వెడల్పుగా ఉంటే బాక్స్‌కార్. చాలామంది ముఖంలో మూడు రకాలూ కలిసే ఉంటాయి. అందుకే 'ఏది బెస్ట్' అన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను.

మైక్రోడెర్మాబ్రేజన్‌లో సన్నటి స్ఫటికాలతోనో డైమండ్ టిప్‌తోనో చర్మం పైనున్న మృతకణాలను తీస్తారు. సాన పట్టినట్టు ముఖం నున్నగా, కాస్త కాంతిగా అనిపిస్తుంది. అంతే. గుంటలకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. పేరు దాదాపు ఒకటే అయినా డెర్మాబ్రేజన్ వేరు. తిరిగే యంత్రంతో లోపలి పొర దాకా గీరుతారు. రక్తం వస్తుంది, మానడానికి రోజులు పడుతుంది. చామనఛాయ, అంతకన్నా ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు రంగు మారిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి నేనైతే తొందరపడి సూచించను.

కెమికల్ పీలింగ్‌లో లోతును బట్టి రకాలున్నాయి. గ్లైకోలిక్, లాక్టిక్, మాండెలిక్ యాసిడ్లతో చేసేవి పైపై పీల్స్. ఎండకు నల్లబడ్డ చర్మానికి, నల్లమచ్చలకు ఇవి పనికొస్తాయి. 20 నుంచి 30 శాతం శాలిసిలిక్ యాసిడ్ మొటిమలు ఇంకా వస్తున్నవాళ్లకు నప్పుతుంది. ఆస్ప్రిన్ పడనివాళ్లకు మాత్రం వద్దు. టీసీఏ అని మేం పిలిచే ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ 35 శాతం దగ్గర మధ్య పొరల దాకా దిగుతుంది. ఫినాల్ పీల్ ఇంకా లోతు, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి మానిటర్ పెట్టుకుని చేయాలి. పైపై పీల్స్‌తో లోతు గుంటలు పూడవు. ఐస్‌పిక్ గుంటలకు మాత్రం వేరే పద్ధతి ఉంది. బాగా గాఢమైన టీసీఏను టూత్‌పిక్ మొనతో ఒక్కో గుంట అడుగున మాత్రమే అద్దుతాం. కొన్ని క్షణాల్లో అక్కడ తెల్లగా అవుతుంది. తర్వాత వారాల్లో కింద కొత్త కొలాజెన్ (చర్మానికి బిగువునిచ్చే పీచు) పుట్టి గుంట కొంత పైకి లేస్తుంది. ఇది ఒక్కసారితో అయ్యేది కాదు.

ఇంట్లో చేసుకునే పీల్ వద్దు. వద్దంటే వద్దు. క్లినిక్‌లో గ్లైకోలిక్ పీల్ వేశాక ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను చర్మం మీద ఉంటుంది. ఎరుపు రాగానే న్యూట్రలైజ్ చేస్తాం, అంటే యాసిడ్ పని ఆగేలా విరుగుడు రాస్తాం. టీసీఏకు ఆ అవకాశం కూడా లేదు. చర్మం తెల్లబడిందంటే లోపలికి దిగిపోయినట్టే, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా వెనక్కి రాదు. మీరు కొనే సీసాలో ఎంత శాతం ఉందో, దాని పీహెచ్ (ఆమ్ల తీవ్రత) ఎంతో ఎవరు చూశారు? అందులోనూ స్టెరాయిడ్ అలవాటైన చర్మం మీద!

గుంటలకు ఫ్రాక్షనల్ (చర్మం మీద చుక్కలు చుక్కలుగా పడే) సీఓటూ లేజర్, ఎర్బియం లేజర్ బాగానే పనిచేస్తాయి. చర్మం రంగు ముదురుగా ఉన్నకొద్దీ లేజర్ తర్వాత నల్లబడే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి సెట్టింగులు తగ్గించి, ఎక్కువ సిట్టింగుల్లో చేయాల్సి వస్తుంది. సూదులతో చేసే మైక్రోనీడిలింగ్‌లో ఆ భయం కాస్త తక్కువ. ఏది చేయించుకున్నా గుంటలు తగ్గుతాయి, పూర్తిగా మాయం కావు. మాయం చేస్తామన్న ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టకండి. మొటిమలు అదుపులోకి రాకముందు గుంటల జోలికి వెళ్లడం కూడా వృథానే, ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు కొత్తవి పడతాయి.

ఎండ నలుపు అంటున్నారుగానీ బుగ్గలు, నుదురు అనేసరికి అది మంగు కూడా కావచ్చు. మంగు మీద లేజర్ వేడి తగిలితే ఒక్కోసారి ఎక్కువవుతుంది. డాక్టర్ చూసి తేల్చాలి. నల్లమచ్చల మధ్య గరుకుగా పొట్టు రాలుతూ మానని చోటుగానీ, రంగు మారుతున్న, రక్తం కారుతున్న పుట్టుమచ్చగానీ ఉంటే దానిమీద ఏ పీలూ వేయించుకోవద్దు. ముందు పరీక్ష, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). పైన గీకేస్తే అసలు జబ్బు కనపడకుండా పోతుంది.

మీ ఉద్యోగం ఎండలోనే కాబట్టి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ కిరణాలు రెండింటినీ అడ్డుకునే) సన్‌స్క్రీన్, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. పొద్దున ఒకసారి రాసి సాయంత్రం దాకా వదిలేస్తే లెక్కలోకి రాదు. ట్రీట్‌మెంట్ చేయించుకున్న తర్వాత కొన్ని వారాలు ఎండ తప్పించుకోలేనంటే లేజర్, లోతు పీల్స్ వాయిదా వేసుకోవడమే మంచిది.

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా, ఈమధ్య ఆపినా డాక్టర్‌కు చెప్పండి. పెదవుల దగ్గర హెర్పిస్ పొక్కులు వచ్చే అలవాటు ఉంటే చెప్పండి, ముందుగా యాంటీవైరల్ మందు ఇస్తారు. గాయం మానినచోట గడ్డలా ఉబ్బే కీలాయిడ్ తత్వం ఉన్నా దాచొద్దు. మీరు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారో లేదో రాయలేదు. అలాంటి ఆలోచన ఉంటే ఏ మందైనా మొదలుపెట్టకముందే ఆ మాట చెప్పాలి. ఐసోట్రెటినోయిన్ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది, ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ క్రీములూ ఆ సమయంలో వాడం.