కుక్కపిల్ల సంగతి తర్వాత, ముందు నాన్నగారి దగ్గర కూర్చోండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. అమ్మ పోయిన ఏడాది నాన్నగారికి తోడుగా ఉంటుందని ఒక లాబ్రడార్ పిల్లని తెచ్చాను. పేరు చిట్టి. ఆయన మాత్రం ‘అమ్మాయీ’ అనే పిలిచేవారు. 12 ఏళ్లు ఆయన వెంటే తిరిగింది. నాలుగు నెలల కిందట దాని కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. అప్పుడు నాన్నగారు చెల్లెలి ఇంట్లో ఉన్నారు. సెలైన్లు పెట్టించినా లాభం లేకపోయింది. తిండి మానేసింది, వాంతులు, నోట్లో పుళ్లు. ఇంజక్షన్ ఇచ్చి బాధ లేకుండా పంపేయడం మేలు, కావాలంటే ఒక రోజు ఆగండి అన్నారు డాక్టరు. నేను చూడలేక ఆ సాయంత్రమే ఇప్పించేశాను. దాని తల నా ఒళ్లోనే ఉంది. పోయాక కూడా కళ్లు తెరిచే ఉన్నాయి, ఒకసారి గట్టిగా ఊపిరి తీసింది. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. నాన్నగారికి బీపీ ఉంది, టెన్షన్ పడతారని ఫోన్‌లో చెప్పలేదు. తిరిగి వచ్చాక నిద్రలో పోయిందన్నాను. మా ఏడేళ్ల పాపకీ అదే చెప్పాం. తర్వాత డాక్టరు కాగితం సొరుగులో ఆయన కంటపడింది. ఏమీ అనలేదు. అప్పటినుంచి మాట తగ్గింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మేకుకి తగిలించిన దాని బెల్టు తీయనివ్వరు. ఒక్కటే మంచి మార్పు: ఇదివరకు మందులకీ, డాక్టరు దగ్గరికీ నన్నే పిలిచేవారు, ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగకుండా తన పనులు తానే చేసుకుంటున్నారు. వచ్చే నెల ఆయనకి 76 నిండుతాయి. ఆ రోజుకి మళ్లీ లాబ్రడార్ పిల్లని తేవాలనుకుంటున్నాను. చిట్టి రంగుదే తేవాలా, వేరే రంగుదా?

జవాబు: ఏ రంగుదీ తేవద్దు, ఇప్పుడు కాదు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది వేరే మాట. ‘ఒక్కటే మంచి మార్పు’ అని రాశారు చూడండి, అది. నిన్నటిదాకా ‘ఒరేయ్, ఈ మాత్ర అయిపోయింది, తెచ్చిపెట్టు’ అన్న మనిషి ఉన్నట్టుండి ఏమీ అడగడం మానేస్తే అది మంచి మార్పు ఎలా అవుతుంది? ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. ఇంట్లో ముసలిదైపోయిన ఒక ప్రాణి లేవలేకపోయింది, తినలేకపోయింది. కొడుకు చూడలేకపోయాడు. తను ఇంట్లో లేనప్పుడు నిర్ణయం జరిగిపోయింది. తిరిగొచ్చాక ఇంటిల్లిపాదీ ఒకే అబద్ధం చెప్పారు. ఇంత జరిగాక మోకాలి నొప్పి ఎక్కువైందనో, రాత్రంతా దగ్గు వస్తోందనో మీతో చెప్పడానికి ఆయనకి నోరెలా వస్తుంది?

మిమ్మల్ని ఆయన అనుమానిస్తున్నారని నేను అనడం లేదు. కొడుకు తనకి కీడు తలపెడతాడని ఏ తండ్రీ అనుకోడు. నాకు తోస్తున్నది ఏమిటంటే, కళ్లెదుట బాధ ఉంటే మీరు తట్టుకోలేరని ఆయనకి అర్థమైపోయింది. అందుకని తన బాధ మీ కళ్లబడకుండా చూసుకుంటున్నారు.

చిట్టి చేసినదీ అదే. కుక్కలు జబ్బుని చాలాకాలం బయటపడనివ్వవు. అందులోనూ కిడ్నీ జబ్బు మరీ మోసకారి. కిడ్నీల పనిలో దాదాపు 75 శాతం దెబ్బతిన్నాక గానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే మలినం పెరిగినట్టు కనిపించదు. అంతవరకూ ఇంట్లోవాళ్లకి తెలిసేది ఒక్కటే, నీళ్లు కాస్త ఎక్కువ తాగుతోందని, ఎక్కువసార్లు బయటికి వెళుతోందని. అది జబ్బని ఎవరనుకుంటారు? ఇది మీకోసం మాత్రమే రాయడం లేదు. రోజూ దానికి గిన్నెలో నీళ్లు పోసింది నాన్నగారు అయ్యుంటారు. గిన్నె తొందరగా ఖాళీ అవుతున్న సంగతి ఆయన గమనించే ఉంటారు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని ‘నేను అప్పుడే చెప్పి ఉంటే’ అని ఆయన లోపల కుమిలిపోతూ ఉండవచ్చు. ఆ బరువు ఆయన మీద ఉంచకండి. అప్పటికే చాలావరకు పాడైపోయిందని, తిరిగి బాగుచేసే వైద్యం లేదని మీ నోటితో చెప్పండి.

ఇంజక్షన్ ఇప్పించడం తప్పని నేను అనను. కిడ్నీలు వడకట్టాల్సిన మలినాలు రక్తంలోనే నిలిచిపోతే కడుపులో వికారం, నోట్లో పుళ్లు, ముద్ద దిగకపోవడం, అదంతా నరకం. ఆ దశలో డాక్టరు ఇచ్చిన సలహా సరైనదే. మీరు చూసిన ఆఖరి దృశ్యం గురించి కూడా చెప్పనివ్వండి. సాధారణంగా దీనికి వాడేది పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు, మామూలుకన్నా చాలా ఎక్కువ మోతాదులో నరానికి ఇస్తారు. కొన్ని క్షణాల్లోనే స్పృహ పోతుంది, తర్వాత కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచి ఉండటం సహజం, రెప్పలు వాటంతటవి మూసుకోవు. మీరు విన్న ఆ పెద్ద ఊపిరి స్పృహ పోయాక శరీరం దానంతటది చేసే కదలిక. అది చిట్టికి తెలియదు. అది మిమ్మల్ని పిలవలేదు, పెనుగులాడలేదు. దాని తల మీ ఒళ్లో ఉందన్నారు, దానికి చివరగా తెలిసింది మీ చెయ్యే. అంతవరకు మీరు చెయ్యాల్సింది చేశారు.

తప్పు ఆ ఒక్క రోజు దగ్గర జరిగింది. డాక్టరు మీకు ఒక రోజు ఇచ్చారు. ఆ రోజు మీది కాదు, నాన్నగారిది. ఫోన్ చేసి ‘నాన్నా, అమ్మాయి పరిస్థితి బాగాలేదు, ఏం చేద్దాం?’ అని అడిగి ఉండాల్సింది. ‘నేను వచ్చేదాకా ఆపు’ అనేవారేమో. ‘వద్దురా, దాన్ని బాధపెట్టకు’ అనేవారేమో. ఏదైనా ఆయన మాట ఆయన చెప్పుకునేవారు. బీపీ ఉందని చెప్పలేదన్నారు. పెద్దవాళ్ల విషయంలో మనం ఎప్పుడూ ఈ సాకే చెబుతాం. బీపీకి మాత్ర వేసుకుంటారు, దానికో మందు ఉంది. సొంత ఇంట్లో తనని లెక్కలోంచి తీసేశారన్న బాధకి ఏ మాత్రా లేదు. ఈ విషయంలో నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. వయసు మీరినంత మాత్రాన మనిషికి దుఃఖం దాచాలని, మంచిచెడ్డలు అడగక్కర్లేదని అనుకోవడం నేను ఒప్పుకోలేను.

చిన్నప్పుడు నాకూ ఇలాగే జరిగింది. నేను హాస్టల్లో ఉండగా మా ఇంటి కుక్క పోయింది. చదువు పాడవుతుందని మావాళ్లు చెప్పలేదు. సెలవులకి వచ్చి గేటు తీస్తూ దాన్ని పేరు పెట్టి పిలిచాను. రెండుసార్లు పిలిచాను. వసారాలో మావాళ్లంతా తలలు దించుకుని నిలబడ్డారు. కుక్క పోయిన దుఃఖం కొన్నాళ్లకి తగ్గింది. ఆ గేటు దగ్గర నిలబడిన క్షణం మాత్రం ఇప్పటికీ నా గుండెలో అలాగే ఉంది. అందుకే నాన్నగారు గేటు దగ్గర కుర్చీ వేసుకున్నారని మీరు రాస్తే నాకు మిగతా ఉత్తరం కాసేపు కనబడలేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది మీరు తప్పించుకు తిరుగుతున్న పని. ఆయన కాగితం చూశారు, చూశారని మీకు తెలుసు, మీకు తెలుసని ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఇన్నాళ్లుగా దాని చుట్టూ తిరుగుతున్నారు. ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన కూర్చోండి. మీ ఆవిడని మధ్యవర్తిగా పంపకండి, చెల్లెలితో చెప్పించకండి. జరిగింది మొదటినుంచి చెప్పండి. ఇంజక్షన్ ఇప్పించినందుకు క్షమాపణ అడగొద్దు, అలా అడిగితే దానికి తేలిక చేసిన పనిని కూడా నేరం చేసినట్టవుతుంది. అడగనందుకు, అబద్ధం చెప్పినందుకు అడగండి. ‘నాకోసం చూసిందా?’ అని ఆయన అడుగుతారు. చూసి ఉంటే చూసిందనే చెప్పండి. ఏడుస్తారు. ఏడవనివ్వండి, ‘బీపీ పెరుగుతుంది, ఊరుకోండి’ అని మాత్రం అనకండి. మీరూ ఏడవండి. ఆ రోజునుంచి మీకు నిద్ర లేదని రాశారు, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా? దాని చావు చూసింది మీరు, దాని బతుకంతా చూసింది ఆయన. మీ ఇద్దరికన్నా ఇంకెవరికి చెప్పుకుంటారు?

ఆయన వయసువాళ్లు ఎవరైనా వస్తే ‘కుక్కే కదా’ అని ఉంటారు. నలుగురూ దుఃఖమని ఒప్పుకోని దుఃఖం ఒకటి ఉంటుందని 1989లో కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు రాశారు. పెంపుడు జంతువు పోయినవాళ్లది సరిగ్గా అదే. ఎవరూ పరామర్శకి రారు, ఆఫీసులో సెలవు దొరకదు, ఏడిస్తే వింతగా చూస్తారు. పైగా నాన్నగారికి అది మీ అమ్మగారు పోయిన ఇంట్లోకి వచ్చిన ప్రాణం. ఆవిడ లేని పొద్దుటిపూటలన్నీ దానితోనే గడిచాయి. ఇప్పుడు చిట్టితో పాటు ఆ దుఃఖం కూడా మళ్లీ లేచి ఉంటుంది. ఆ బెల్టు మేకునే ఉండనివ్వండి. తియ్యాలనిపించిన రోజు ఆయనే తీస్తారు.

పాపకి కూడా నిజం చెప్పండి, చిన్న మాటల్లో. పడుకున్నది పడుకున్నట్టే పోయిందని విన్న పిల్లలు కొందరు పడుకోవడానికే భయపడతారు. ‘చిట్టికి జబ్బు చేసింది, తగ్గలేదు, డాక్టరు మందిస్తే నొప్పి లేకుండా చనిపోయింది’ అంటే చాలు.

కుక్కపిల్ల సంగతి. లాబ్రడార్లు మామూలుగా 10 నుంచి 12 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతాయి. 76 ఏళ్ల మనిషి చేతిలో పిల్లని పెడితే మీకు దాని ముద్దు మొహం కనిపిస్తుంది, ఆయనకి ఆ లెక్క కనిపిస్తుంది. తన తర్వాత దీన్ని ఎవరు చూస్తారు, ఇది ముసలిదైతే ఏం చేస్తారు అని. ఆ ప్రశ్నకి మీ ఇంట్లో జవాబు దొరికాక, కావాలని ఆయనే అడిగితే, అప్పుడు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి ఆయన చేతే ఎంచుకోనివ్వండి. పుట్టినరోజుకి ఆశ్చర్యపరచాలని మాత్రం తేవద్దు. ఆయనకి చెప్పకుండా చేసిన పని ఒకటి చాలు. అడగకపోతే ఇంకెప్పుడూ తేవద్దు.

ఆ మాటలన్నీ అయ్యాక, అదే రోజు కాకపోయినా ఆ వారంలోనే, ఇంకొకటి అడగండి. ‘నాన్నా, మీకు ఒంట్లో ఎలా ఉంది?’ అని. మందుల డబ్బా ముందు పెట్టుకుని అడగండి. ఏవి అయిపోయాయో, ఏవి మానేశారో చూడండి. తన ఒళ్లు మరీ చెడితే ఏం చెయ్యాలని ఆయన కోరికో, ఏది వద్దో, అది కూడా ఆయన నోటితోనే వినండి. విన్నది గుర్తుంచుకుంటానని చెప్పండి.

రేపు పొద్దున్న ఆయన లేచే వేళకి మీరూ లేవండి. చిట్టిని తిప్పుకొచ్చిన దారిలో ఆయనతో కలిసి నడవండి. అది ఎక్కడెక్కడ ఆగేదో, ఎవరిని చూసి తోక ఊపేదో ఆయనకే తెలుసు. చెప్పమని అడగండి.