టెక్ సందేహాలు: డైస్ వేసే యాప్‌కి మీ స్క్రీన్‌తో ఏం పని?

ప్రశ్న: ఫ్రెండ్స్‌తో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటా, అదే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసుకుని డైస్‌తో ఆడే ఆట. మావి పాత మూడో ఎడిషన్ రూల్స్. క్యారెక్టర్ షీట్ యాప్ అప్‌డేట్ అయ్యాక స్పాట్ (గమనించడం), లిజన్ (వినడం), సెర్చ్ (వెతకడం) అనే మూడు స్కిల్స్ పోయి ఒక్క పర్సెప్షన్ మిగిలింది. ఓ టెలిగ్రామ్ గ్రూపులో పాత వెర్షన్ ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దొరికింది కానీ యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా? అసలు పాత్రకు వచ్చే స్కిల్ పాయింట్లు ఒకే స్కిల్‌లో పెట్టాలా, అన్నిటికీ పంచాలా?

జవాబు: ఇవ్వొద్దు. పాయింట్ల సంగతి తర్వాత. అప్‌డేట్ నచ్చక పాత వెర్షన్ కోసం వెతుకుతూ ఇలాంటి చోట తేలేవాళ్ల ఉత్తరాలు ఆగడం లేదు. 20 ముఖాల డైస్ వేయడానికి యాక్సెసిబిలిటీతో పనే లేదు. చూపు, చేతుల ఇబ్బందులున్నవారి కోసం పెట్టిన సదుపాయం అది. దాన్ని అప్పగిస్తే తెర మీద కనిపించేది ఆ యాప్ చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. ఓటీపీ మెసేజ్ తెరిస్తే దానికీ కనిపిస్తుంది. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి తెచ్చి ఎక్కించిన యాప్‌లకు ఈ పర్మిషన్ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. ఆ అడ్డు ఎలా తీయాలో అదే గ్రూపులో స్క్రీన్‌షాట్లతో సహా నేర్పిస్తారు, మనవాళ్లు బుద్ధిగా తీసేస్తారు! ఇప్పటికే ఇచ్చేసి ఉంటే పర్మిషన్ తీసేసి, యాప్ తొలగించి, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.

స్కిల్స్ కలపడం తప్పని నేననను. మూడో ఎడిషన్‌లో నక్కి వెళ్లాలంటే హైడ్ (కనబడకుండా దాక్కోవడం) నెగ్గాలి, మూవ్ సైలెంట్లీ (చప్పుడు లేకుండా కదలడం) కూడా నెగ్గాలి. ఒక్కోదానికి 70 శాతం అవకాశముంటే రెండూ నెగ్గేది 49 శాతమే. దొంగ పాత్రకు ఇది అన్యాయం. 2009లో ఈ రూల్స్ మీద కట్టి తెచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట ఆ రెంటినీ స్టెల్త్‌గా, మీరన్న మూడింటినీ పర్సెప్షన్‌గా కలిపింది. ఐతే కలపాలా వద్దా అన్నది ఆడేవాళ్లు తేల్చుకోవాలి. అడక్కుండా ఆటగాడి పాయింట్లు మింగే హక్కు అప్‌డేట్‌కి ఎవరిచ్చారు? బ్యాకప్ తీసుకోమని కూడా చెప్పని ఇలాంటి యాప్ కన్నా కాగితం నయం. మీ దగ్గర ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు లేకపోతే పాత అంకెలు గుర్తు చేసుకుని రాసుకోవడమే.

ఇక పంపకం. ఎదుటివాడితో పోటీపడే హైడ్, స్పాట్ లాంటివాటిని పాత్ర లెవెల్‌కి 3 కలిపినంత గరిష్ఠ ర్యాంకు (స్కిల్‌లో పెట్టిన పాయింట్ల లెక్క) దాకా పెంచుతూనే ఉండాలి, ఎందుకంటే శత్రువులూ పెరుగుతారు. టంబుల్ (దొర్లడం) అలా కాదు. శత్రువు పక్కనుంచి దొర్లి తప్పించుకోవడానికి డైస్ మీద పడిన అంకె, మీ బోనస్ కలిపి కావాల్సింది 15. మొత్తం బోనస్ 14కి చేరితే డైస్ మీద 1 పడినా నెగ్గినట్టే, స్కిల్ చెక్‌లో 1 పడితే ఓడినట్టని రూల్ లేదు. అక్కడ ఆపేయండి. జంప్ (దూకడం) స్కిల్‌లో 5 ర్యాంకులుంటే టంబుల్‌కి 2 అదనం కాబట్టి ఇంకా ముందే ఆపొచ్చు. ఓపెన్ లాక్ (తాళం తీయడం) లాంటివి ఒక్క ర్యాంకైనా లేకపోతే ప్రయత్నించనే లేరు. మీ ఆట జట్టులో తాళాలు తీసేవాళ్లు ఇంకెవరూ లేకపోతే మిగిలినవి అటు పెట్టండి.