కారు ఆయిల్ తాగుతోంది, అప్పు చేసి ఇంజిన్ దించాలా?

ప్రశ్న: మియాపూర్‌లో ఉంటాం. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 92 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 55 వేలు. 2012 మోడల్ స్కోడా లారా వీఆర్ఎస్‌ను 2018లో సెకండ్ హ్యాండ్‌లో ఇష్టపడి కొన్నాను. 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు నెలకు 600 కిలోమీటర్లు తిప్పుతాను. ఏడాదిగా ఆయిల్ తాగుతోంది, 1,200 కిలోమీటర్లకు లీటరు పోయాల్సి వస్తోంది. పొద్దున స్టార్ట్ చేయగానే, సిగ్నల్ దగ్గర ఆగి కదిలినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఔటర్ మీద స్పీడుగా వెళ్లేటప్పుడు కనబడదు. మెకానిక్ పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి, 2.20 లక్షలు అవుతుందంటున్నాడు. బ్యాంకు మూడేళ్లకు 14 శాతంతో పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. లేదంటే పాప ఇంటర్ కోసం కడుతున్న చీటీ పాడుకోవాలి. 1.80 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఉన్నదున్నట్టు అమ్మితే డీలర్ 2.60 లక్షలు, పొగ లేకపోతే 3.50 లక్షలు ఇస్తానంటున్నాడు. ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: లోన్ పేపర్ల మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. చీటీ జోలికి అసలు వెళ్లకండి. ముందు ఆ పొగ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. అది తేల్చే పరీక్షల మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మెకానిక్ చూసి చెప్పాడు, మీరు నమ్మారు. 2.20 లక్షల పనికి అది చాలదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నా టర్బో పెట్రోల్ కారుకు ఇలాగే నీలం పొగ మొదలైంది. గ్యారేజీలో రింగులన్నారు, అంటే ఆయిల్ పైకి రాకుండా పిస్టన్ చుట్టూ ఉండే కట్లు. ఇంజిన్ దించారు. విప్పి చూస్తే రింగులు బాగానే ఉన్నాయి. పోయింది పీసీవీ వాల్వ్. ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి పీల్చే దారిలోకి పంపే భాగం అది. అందులోని రబ్బరు పొర చిరిగి, ఇంజిన్ ఆ దారిలోంచి ఆయిల్ పీల్చుకుంటోంది. కొన్ని వేలతో పోయేదానికి లక్ష దాటింది. ఆ ఏడాది కట్టాల్సిన సిప్ నాలుగు నెలలు ఆపేశాను. అందుకే ఇలాంటి ఉత్తరం వస్తే నాకు ముందు లెక్కల కంటే పరీక్షలే గుర్తొస్తాయి.

మీరు పొగ గురించి రాసిన తీరు చాలా పనికొచ్చింది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నట్టే. నల్ల పొగైతే పెట్రోల్ ఎక్కువ పోతోందని అర్థం. చలికాలం పొద్దున కాసేపు తెల్ల ఆవిరి వస్తే కంగారు పడక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లగా తీపి వాసనతో వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు సంగతి. మీ విషయంలో చూడాల్సింది పొగ ఎప్పుడు వస్తోందన్నది. రింగులు బాగా అరిగిపోయిన ఇంజిన్‌కు సాధారణంగా లోడ్ పడినప్పుడు, అంటే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పొగ ఎక్కువ. మీకేమో రాత్రంతా ఆగి స్టార్ట్ అయినప్పుడు, సిగ్నల్ దగ్గర నిలబడి కదిలినప్పుడు వస్తోంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడో ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడో వాల్వ్ సీల్స్ (వాల్వ్‌ల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బరు సీళ్లు) దగ్గర నుంచి ఆయిల్ చుక్క చుక్కగా కిందికి జారి, తర్వాత కాలే లక్షణం ఇది. పీసీవీ పోయినా, టర్బో సీల్ కారినా ఇంచుమించు ఇలాగే ఉండొచ్చు.

అలాగని మీ మెకానిక్ తప్పు చెప్పాడని నేను అనను. మీ కారులోని ఈ తరం 1.8 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో ఆయిల్ రింగులు సన్నవి. ఆయిల్ వెనక్కి జారే చిన్న రంధ్రాలు మసితో పూడుకుపోయి ఆయిల్ తాగడం చాలామంది ఎదుర్కొన్న సమస్యే. కంపెనీ మాన్యువల్ 1,000 కిలోమీటర్లకు అర లీటరు వరకు మామూలే అంటుంది. మీది 0.83 లీటర్లు, హద్దు దాటింది. కాబట్టి రింగులూ కావచ్చు. తేలాలంటే చూడాలి.

ముందు కొలత సరిగ్గా తీసుకోండి. సమతలంగా ఉన్నచోట కారు నిలిపి, ఇంజిన్ ఆపి కాసేపాగి, డిప్‌స్టిక్‌పై (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గరిష్ఠ గీత వరకు ఆయిల్ నింపండి. మీటర్ రీడింగ్ రాసుకోండి. 1,000 కిలోమీటర్ల తర్వాత అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ ఆ గీతకు తేవడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలవండి. మధ్యలో ప్రతి వారం డిప్‌స్టిక్ చూడండి, కనిష్ఠ గీత దాకా రానివ్వకండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. టర్బోకూ ఆయిలే ప్రాణం. అది తగ్గిపోతే 2.20 లక్షలతో కూడా ఆగదు.

తర్వాత వేరే గ్యారేజీకి, వీలైతే జర్మన్ కార్లు చేసే చోటికి వెళ్లి, పరీక్షలకు మాత్రమే డబ్బిస్తామని చెప్పండి. ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే మూత లోపలికి గట్టిగా లాగినట్టుంటే, ఈల లాంటి శబ్దం ఉంటే పీసీవీని అనుమానించాలి. మూత తీయగానే బయటికి పొగ పుకపుకమని తన్నుతుంటే రింగుల వైపు చూడాలి. నాలుగు స్పార్క్ ప్లగ్‌లూ విప్పించండి. ఒక్కటే ఆయిల్‌తో తడిసి ఉందా, నాలుగూ ఉన్నాయా అన్నది చాలా చెబుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి కానీ దాన్నొక్కదాన్నే నమ్మకండి. పై రింగులు బాగుండి ఆయిల్ రింగు మాత్రమే బిగుసుకుపోతే కంప్రెషన్ చక్కగా వస్తుంది. లీక్‌డౌన్ టెస్ట్‌లో సిలిండర్‌లోకి గాలి పంపినప్పుడు ఆయిల్ మూత దగ్గర బుసకొడితే రింగులు, సైలెన్సర్ దగ్గరైతే వాల్వ్. చిన్న కెమెరా దించి పిస్టన్ పైభాగం, సిలిండర్ గోడలు కూడా చూడమనండి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల ఆయిల్ మడుగు కట్టి ఉందేమో తెలుస్తుంది. ఈ పనులన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు లోన్ తీసుకుంటే కట్టాల్సిన ఒక్క నెల ఈఎంఐకి అటూఇటూగా ఉంటుంది, జీతంలోంచే పెట్టొచ్చు.

ఇక డబ్బు లెక్క. 2.20 లక్షలకు 14 శాతం, 36 నెలలు అంటే ఈఎంఐ సుమారు 7,520 రూపాయలు. మొత్తం కట్టేది 2.70 లక్షల పైనే, వడ్డీయే 50 వేలు. మీరు ఏడాదికి 7,200 కిలోమీటర్లు తిరుగుతారు, అంటే ఆరు లీటర్ల ఆయిల్. మంచి ఆయిల్ లీటరు వెయ్యి వేసుకున్నా ఏడాదికి ఆరు వేలు, నెలకు 500. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆయిల్ ఖర్చు మిమ్మల్ని ముంచడం లేదు. అయితే కాలిన ఆయిల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, ఆక్సిజన్ సెన్సర్లను పాడు చేస్తుంది. కాలుష్య పరీక్షలో హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. ఏళ్ల తరబడి పొగతోనే నెట్టుకురావచ్చని కాదు, ఆలోచించుకోవడానికి కొన్ని నెలల టైమ్ ఉందని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

2.20 లక్షలు పెట్టి బాగు చేయిస్తే డీలర్ ధర పెరిగేది 90 వేలే. అమ్మడానికే అయితే రిపేర్ వద్దు. ఉంచుకోవడానికైతే, మీ కారు 2012లో రిజిస్టర్ అయి ఉంటే 15 ఏళ్లు 2027లో నిండుతాయి. తర్వాత అయిదేళ్లకు రెన్యూవల్ చేయించాలి. ఫీజు 5 వేలు, పైగా గ్రీన్ ట్యాక్స్, తనిఖీ ఉంటాయి. పొగతో ఆ తనిఖీకి వెళ్లడం కష్టం. అప్పుడు పడాల్సిన ఖర్చునూ ఇప్పుడే లెక్కలో పెట్టండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటార్ పాలసీలో కవర్ కావు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ ఇంత పాత కారుకు దొరకడం కష్టం. దొరికినా అది నీళ్లు చొరబడటం లాంటి సంఘటనలకే, అరిగిన రింగులకు కాదు.

నేనైతే రిపేర్‌కు 70 వేల హద్దు పెట్టుకుంటాను. పీసీవీ అయితే వెంటనే మార్పించండి. వాల్వ్ సీల్స్ అయితే సిలిండర్‌లోకి గాలి పట్టించి హెడ్ దించకుండానే మార్చే పద్ధతి ఉంది, ఆ పని తెలిసినవాళ్లను అడగండి. 70 వేల లోపు తేలితే ఎఫ్‌డీ నుంచి తీయండి, 1.10 లక్షలు మిగులుతాయి. అది మీకు రెండు నెలల ఇంటి ఖర్చు, తక్కువే. అందుకే లోన్‌కు కట్టాలనుకున్న 7,500ను పది నెలలు ఆర్‌డీలో వేసి ఎఫ్‌డీని మళ్లీ పూడ్చండి.

నిజంగా రింగులే అని తేలితే రెండే దారులు చూస్తాను. ఉన్నదున్నట్టు 2.60 లక్షలకు అమ్మేయడం ఒకటి. లేదా ఆయిల్ చూసుకుంటూ, తక్కువగా తిప్పుతూ, నెలకు ఇంత అని ఒక్క ఇంజిన్ కోసమే దాచి, డబ్బు చేతికొచ్చాక దించడం. మీకు ఆ కారంటే ప్రేమ ఉందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ప్రేమకు ఖర్చు పెట్టడం తప్పని నేను అనను. పాప కాలేజీ డబ్బుతో మాత్రం పెట్టకండి. చీటీ ఇప్పుడు పాడితే పాటలో కొంత వదులుకోవాలి, ఫీజు కట్టే రోజుకు మళ్లీ అప్పే చేయాలి.

మరో రెండు మాటలు. పొగ తగ్గుతుందని ఎవరైనా చిక్కటి ఆయిల్ పోయమంటే ఒప్పుకోకండి. ఈ ఇంజిన్‌కు ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం ఉన్న 5డబ్ల్యూ-40 ఆయిలే వాడండి. అమ్మే నిర్ణయమే తీసుకుంటే, ఆయిల్ ఎంత తాగుతోందో కొనేవాళ్లకు ముందే చెప్పండి. మీరు కొలిచి రాసుకున్న కాగితం, పరీక్షల రిపోర్టులు వాళ్ల చేతికివ్వండి. ఆ రిపోర్టులు వచ్చాక, అమ్మకముందు నాకూ ఒకసారి రాయండి, అంకెలు మళ్లీ కలిసి చూద్దాం.