నవల రాస్తున్న మేనల్లుడికి

నెల్లూరు

చి. అబ్బాయికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. పదమూడేళ్ళ పిల్లాడి కథ ఎత్తుకున్నావు, సంతోషం. కానీ వాడి సిగ్గంతా నువ్వే విడమరిచి చెప్పేస్తున్నావు. ‘యవ్వనపు తొలి అలజడి’ అన్నావే, ఆ మాట వాడికేం తెలుసురా? వాడికి తెలిసిందల్లా చెప్పులు మళ్ళీ ఇరుకయ్యాయని. ఆ వయసులో ముందు సాగేవి కాళ్ళూ చేతులే, మిగతా ఒళ్ళు తర్వాత అందుకుంటుంది. గడప తగులుతుంది, గ్లాసు జారుతుంది, ఇంట్లో తిట్లు పడతాయి. అది రాయి.

ఇంకోటి. ఆడపిల్లల ఎదుగుదల ఇంచుమించు రెండేళ్ళు ముందు మొదలవుతుంది. ఎనిమిదో తరగతిలో ఆ అమ్మాయి వీడికంటే పొడుగుండాలి. తలెత్తి మాట్లాడాల్సి రావడంలోనే నీకు సగం కథ ఉంది.

నేను కోవూరు వైపు పనిచేసేటప్పుడు ఒక పిల్లాడు తిక్కన పద్యం అప్పజెపుతూ ఉంటే చివరి పాదంలో గొంతు కీచుమంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు కూర్చోలేదు, ఏడవలేదు, పుస్తకం అట్ట మూలను గోటితో గీకుతూ నిలబడ్డాడు. ఆ ఏడాదంతా పద్యాలు రాసి చూపించాడే గానీ నోరు తెరిచి చదవలేదు. ఆ గీకుడు చప్పుడు నన్నింకా వదల్లేదు. నువ్వు ‘సిగ్గుతో కుంచించుకుపోయాడు’ అని రాసినచోట ఇలాంటిదొకటి వెతుకు.

మన నెల్లూరులో మొహర్రంకు జరిగే రొట్టెల పండుగను అర పేజీలో ముగించావు, అదే నాకు బాధ. ముందు ఆ స్కూలు యూనిఫాం తీసెయ్యి. నీ కథ 1996లో గదా, ఆ ఏడు మొహర్రం పండుగ మే నెలలో పడింది, బడికి సెలవులు. స్వర్ణాల చెరువు నీళ్ళలో వాళ్ళమ్మ ‘చదువు రొట్టె ఎవరిస్తారమ్మా’ అని అందరూ వినేలా కేకెయ్యాలి. చదువు కోరిక తీరినవాళ్ళే ఆ రొట్టె ఇస్తారు. ఇచ్చేది ఆ అమ్మాయి వాళ్ళమ్మైతే? వీడి లెక్కల మార్కులు ఆ పిల్లకు తెలుసు. ప్యాంటు తడిసి కాళ్ళకంటుకుని, ఆ పిల్ల చూస్తుండగా వీడు రొట్టె నమలాలి. ఎంతసేపు నమిలాడో రాయి, తొందరపడకు.

కోరిక తీరితే మరుసటేడు వచ్చి తామూ రొట్టె ఇవ్వాలి గదా. నీ చివరి అధ్యాయం అక్కడ పెట్టుకోవచ్చేమో చూడు. ఈసారి ఇచ్చే చెయ్యి వాడిది.

మూడో అధ్యాయం తిరగరాసి పంపు. అమ్మను అడిగానని చెప్పు.

మామ