విదేశీ విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం గుంటూరు, విజయవాడ వైపు ఎలా ఉంటుంది? సెల్టా (ఇంగ్లిష్ టీచర్లకు కేంబ్రిడ్జ్ వాళ్లిచ్చే సర్టిఫికెట్) తప్పనిసరా?

తెనాలిలో ప్రైవేటు స్కూల్లో చెబుతున్నానన్నారు, ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ ఉన్నాయన్నారు. నేనూ అలాంటి స్కూలు నుంచే ఈ పనిలోకి వచ్చాను, ఇప్పటికీ ఇందులోనే ఉన్నాను. నాకు తెలిసినంత చెబుతాను.

ఉద్యోగాలున్నాయి, కాకపోతే మీరు వెతుకుతున్న చోట కాదు. విజయవాడలో వీధికో ‘ఇంటర్నేషనల్ స్కూల్’ బోర్డు కనిపిస్తుంది. లోపల ఉండేది మన పిల్లలే, ఎక్కువ వాటిలో సిలబస్ సీబీఎస్‌ఈనే. విదేశీ విద్యార్థులు నిజంగా కనిపించేది యూనివర్సిటీల్లో. వడ్డేశ్వరంలో కేఎల్, వడ్లమూడిలో విజ్ఞాన్, మన నాగార్జున యూనివర్సిటీ. ఆఫ్రికా దేశాల నుంచి ఎక్కువ, నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లూ ఉంటారు. కొందరు ఐసీసీఆర్ (విదేశీ విద్యార్థులకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) స్కాలర్‌షిప్ మీద, మిగతావాళ్లు సొంత డబ్బుతో. విదేశీ విద్యార్థుల కోసం మామూలు సీట్లకు అదనంగా 25 శాతం దాకా పెట్టుకోవచ్చని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2022లో చెప్పింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీజీలో 55 శాతం, దాంతో పాటు నెట్ లేదా సెట్ (లెక్చరర్ల అర్హత పరీక్షలు), లేదంటే పీహెచ్‌డీ అడుగుతారు. ట్రైనర్ పోస్టుకు అంత పట్టింపు ఉండదు, జీతమూ దానికి తగ్గట్టే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ ఇంగ్లిష్ ఎంత బాగున్నా, మన స్కూళ్లలో మనం ఇంగ్లిష్ చెప్పేది తెలుగులో. పిల్లాడు తెల్లమొహం వేశాడంటే చాలు, ‘అంటే ఏంటంటే’ అని తెలుగులోకి దిగిపోతాం. ఇక్కడ ఆ ఊతకర్ర ఉండదు. ‘హావ్ గాన్’కి ‘వెళ్లియున్నాను’ అని రాయించి గట్టెక్కడం కుదరదు (ఆ ‘వెళ్లియున్నాను’ మన ఇళ్లలో ఎవరంటారో నాకైతే తెలియదు). చాద్, ఐవరీ కోస్ట్ లాంటి చోట్ల నుంచి ఫ్రెంచ్‌లో చదువుకుని వచ్చినవాళ్లు ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ అంటారు. వాళ్ల భాషలో నిన్నటి పనిని అలాగే చెప్పాలి మరి. రూలు చెబితే రాసుకుంటారు, మళ్లీ అదే అంటారు.

నేను చేసేది ఇది. ‘హావ్ యూ సీన్ ద కృష్ణా?’ అని బోర్డు మీద రాసి చేతులెత్తమంటాను. ప్రకాశం బ్యారేజీ చూసొచ్చినవాళ్లు ఎత్తుతారు. వాళ్లలో ఒకర్ని ‘వెన్?’ అని అడుగుతాను. ‘లాస్ట్ సండే’ అనగానే ఆ మాట బోర్డు మీద రాసి, డస్టర్‌తో ‘హావ్’, ‘సీన్’ తుడిచేసి, ‘డిడ్’, ‘సీ’ పెడతాను. ఎప్పుడో చెప్పారా, ‘హావ్’ పోయింది. నాలుగైదు సార్లు తుడిచాక వాళ్లే లేచి డస్టర్ అందుకుంటారు. ఇంకొకటి, ‘అండర్‌స్టుడ్?’ అని ఎప్పుడూ అడక్కండి. అందరూ తలూపుతారు. దానికి బదులు ‘అతను ఇప్పుడు నది దగ్గరే ఉన్నాడా?’ లాంటి చిన్న ప్రశ్న వేస్తే ఎవరికి ఎక్కిందో ఎవరికి ఎక్కలేదో బయటపడుతుంది.

ఉచ్చారణ దగ్గర మన సంగతీ చూసుకోవాలి. అరబిక్‌లో ‘ప’ లేదు, అందుకే సూడాన్ పిల్లలకు ‘పార్కింగ్’ కాస్తా ‘బార్కింగ్’ అవుతుంది. పుస్తకాల్లో ఉన్న చిట్కా ఏమిటంటే, నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని ‘పెన్’ అంటే కాగితం ఎగరాలి. ఒకసారి మీరు పట్టుకుని చూడండి. మనం తెలుగు ‘ప’తోనే ‘పెన్’ అంటాం కాబట్టి కాగితం కదలదు. గాలి వదిలి పలకడం ముందు మనం అలవాటు చేసుకుని, ఆ తర్వాత వాళ్ల చేతికి కాగితం ఇవ్వాలి.

టైమ్ చెప్పే పాఠం చిన్నపిల్లలదని వదిలేయకండి. ఇథియోపియాలో గంటలు తెల్లవారినప్పటి నుంచి లెక్క. మన తొమ్మిది వాళ్లకు మూడు. స్వాహిలీ మాట్లాడేవాళ్లదీ అదే పద్ధతి. సెమిస్టర్ మొదట్లోనే ఈ ముక్క తేల్చుకోకపోతే హాజరు పట్టీ దగ్గర గొడవే.

అందరికీ గ్రామర్ కావాలనీ అనుకోకండి. నేను ఇంతకుముందు చేసిన ఒక చోట (పేరెందుకు లెండి) విదేశీ పాస్‌పోర్టు ఉంటే చాలు, అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టేవారు. జింబాబ్వే నుంచి వచ్చినమ్మాయి స్కూలంతా ఇంగ్లిష్‌లోనే చదివింది. ఆమె ముందు ‘దిస్ ఈజ్ ఎ పెన్’ అనడం ఆమెకు అవమానం, మనకు సిగ్గు. ఆమెకు అర్థం కానిది మన లెక్చరర్ల ఇంగ్లిష్! ఆ వేగం, మధ్యలో వచ్చిపడే తెలుగు ముక్కలు, వెనక బెంచీల నవ్వులు. అలాంటివాళ్ల కోసం నేను గ్రామర్ పక్కన పెట్టేసి, అడిగి అనుమతి తీసుకుని మన లెక్చరర్ల పాఠాలు కాస్త రికార్డు చేసి, ముక్కలు ముక్కలుగా వినిపిస్తాను. నోట్సు రాసుకోవడం అలా పట్టుబడుతుంది. నన్నడిగితే, విదేశీ విద్యార్థుల క్లాసులో అన్నిటికన్నా పనికొచ్చే గంట అదే, టైమ్‌టేబుల్లో మాత్రం దానికి చోటుండదు.

క్లాసు బయట పని కూడా మీ నెత్తినే పడుతుంది. విదేశీ విద్యార్థులు మన దేశానికి వచ్చిన 14 రోజుల్లో వాళ్ల రిజిస్ట్రేషన్ అయిపోవాలి. దాని కాగితాలు, బ్యాంకు ఖాతా, రాత్రి పూట ఆస్పత్రి నుంచి ఫోన్లు... అన్నిటికీ ‘మేడమ్‌నడగండి’ అంటారు.

సెల్టా సంగతి. దాదాపు 120 గంటల కోర్సు, కేంబ్రిడ్జ్ వాళ్ల సర్టిఫికెట్, అందులో ఆరు గంటలు నిజం విద్యార్థులకు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని చూసి మార్కులేస్తారు. ఊతకర్ర లేకుండా నడవడం నేర్పేది ఆ ఆరు గంటలే. ఖరీదు మాత్రం ఎక్కువ. మన వైపు ఇంటర్వ్యూ చేసేవాళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు, దాని కోసం జీతమూ పెంచరు. గల్ఫ్‌కో ఇంకెక్కడికో వెళ్లే ఆలోచన ఉంటే చేయండి. ఇక్కడే ఉండేట్టయితే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) వాళ్ల ఇంగ్లిష్ బోధన డిప్లొమా నయం, దూరవిద్యలో చదవొచ్చు.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు డెమోకి మన పిల్లల్నే కూర్చోబెడతారు, అయినా ఒక్క తెలుగు ముక్క రానివ్వకండి. బ్యాచ్‌లో ఎంతమంది, లెవెల్ టెస్ట్ పెడతారా, వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా, ఈ మూడూ ఆర్డరు కాగితం తీసుకోకముందే అడిగేయండి. వేసవి జీతం సంగతి నోటిమాటగా తేల్చేస్తుంటే కాగితం మీద రాసిమ్మనండి.